గిటారులో జీర

మా బావకి మరీ శుభ్రంగా ఉన్న శబ్దమంటే గిట్టేది కాదు. గిటార్ తీగ మీటగానే గాజు గ్లాసుకి చెంచా తగిలినట్టు ‘టింగ్’మంటే, ఆయన ముఖం చేదుమాత్ర మింగినట్టు అయిపోయేది. “ఏట్రా అది, ఆస్పత్రిలో ఉన్నట్టున్నాది” అనేవాడు. అలాగని కుర్రాళ్ళు వాయించే, రంపంతో రేకు కోస్తున్నట్టుండే శబ్దమన్నా పడేది కాదు. దాన్ని వింటే చెవులు మూసుకుని స్టేజీ దిగి వెళ్ళిపోయేవాడు. ఆయనకి కావలసింది ఆ రెండింటికీ నడుమ ఉండేది. మెల్లగా మీటితే మామూలుగా పలకాలి, కాస్త గట్టిగా మీటితే గొంతు బొంగురుపోవాలి, కానీ పగిలిపోకూడదు. పొద్దుటి నుంచీ కూలీల మీద కేకలేసి సాయంత్రం ఇంటికొచ్చి, కూతురితో మెల్లగా మాట్లాడే మనిషి గొంతులాగ ఉండాలన్నమాట. దాన్ని ఆయన జీర అనేవాడు. ఇంగ్లీషువాళ్ళు ఓవర్‌డ్రైవ్ అంటారనీ, అందులో ఇది బహు తేలికపాటి రకమనీ నాకు తర్వాతెప్పుడో తెలిసింది. తెలిసినా ఆ పేరు నా నోటికి అంటుకోలేదు. జీరే బాగుంది.

ఆయన నౌపడ దగ్గర ఉప్పు మడుల్లో మేస్త్రీ. ఎండాకాలమంతా గట్ల మీద నిలబడి ఉప్పు తీయించడం, కుప్పలు వేయించడం, వాటి మీద తాటాకులు కప్పించడం ఆయన పని. అమ్మవార్ల సంబరాలు, పెళ్ళిళ్ళు వచ్చాయంటే మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆర్కెస్ట్రాలో గిటార్ పట్టుకునేవాడు. నేను ఆయన బావమరిదిని. మా అప్పని ఆయనకిచ్చి చేసినప్పుడు జారిపోతున్న నిక్కరు పట్టుకుని తిరిగే వయసు నాది. అప్ప అంటే మా వైపు అక్క. నాకు గిటార్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. నేర్పడమంటే పెద్దగా చెప్పిందేమీ లేదు. తప్పు వాయించినప్పుడల్లా “ఒరే బావా, నీ సేతికి ఉప్పు తక్కువయినాది” అని ఎగతాళి చేసేవాడు. పెద్దవాణ్ణయ్యాక విజయనగరంలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనికి కుదిరాను. సీజన్‌లో అదే ఆర్కెస్ట్రాలో బావ పక్కన నిలబడి రిథమ్ వాయించేవాణ్ణి.

ఆయన జీర అంతా ఒక పాత యాంప్‌లో, అంటే గిటార్ శబ్దాన్ని పెద్దది చేసి వినిపించే పెట్టెలో, ఉందని అందరం అనుకునేవాళ్ళం. ఎప్పుడో ఒక రేడియో మెకానిక్ చేత చేయించుకున్నది. వెనక వాల్వులు, పాత రేడియోల్లో ఉండే గాజు బుడ్లు, ఎర్రగా వెలిగేవి. స్విచ్ వేశాక అది వేడెక్కేదాకా ఆయన బీడీ ముట్టించి దాని పక్కనే కూర్చునేవాడు. సంబరం రోజున ఏ ఊరిలోనైనా కార్యక్రమం మొదలయ్యేది ఆయన గిటార్‌తోనే. అమ్మవారి పాటకి ముందు ఒక చిన్న ముక్క వాయించేవాడు. కొన్ని స్వరాలే. మూడో స్వరం దగ్గర గట్టిగా మీటేవాడు. అక్కడ జీర వచ్చేది. ముందు వరసలో కూర్చున్న ముసలమ్మలు సరిగ్గా ఆ స్వరానికే చేతులు జోడించేవాళ్ళు. పాట ఎవరు పాడారో వాళ్ళకి పట్టేది కాదు.

తుపాను వచ్చిన ఏడాది బావ ఇంటి రేకుల కప్పు ఎగిరిపోయింది. గిటార్ పెట్టెలో ఉండబట్టి బతికింది, యాంప్ వానలో నానిపోయింది. తర్వాత నేను విప్పి చూస్తే లోపల తెల్లటి ఉప్పు పొర. ట్రాన్స్‌ఫార్మర్ తీగలు ముట్టుకుంటే రాలిపోయాయి. దాన్ని చేసిన మెకానిక్ అప్పటికే కాలం చేశాడు. నేను తల గోక్కుంటుంటే బావ నవ్వాడు. “ఇన్నేళ్ళు ఉప్పు మీద నాను బతికినాను కదా బావా, దాని వాటా అది తీసుకున్నాది” అన్నాడు. నవ్వాడే గానీ, ఆ తర్వాత ఎవరిదో కీబోర్డు యాంప్‌కి గిటార్ తగిలించుకుని వాయించినన్నాళ్ళూ ఆయన మొహంలో కళ లేదు.

ఆ మరుసటేడు ఉప్పు తీసే రోజుల్లో, గట్టు మీద నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయాడు. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు, దాంతోపాటు మాట. శ్రీకాకుళం ఆస్పత్రిలో చేర్చాం. ఆయనకి అన్నీ వినబడతాయి, చాలావరకు అర్థమవుతాయి, కానీ మాట కట్టుకోలేడని డాక్టరు చెప్పాడు. అడిగినదానికి తల ఊపడం కూడా నమ్మడానికి లేదు. అవునన్నా అదే ఊపు, కాదన్నా అదే ఊపు. ఇంటికి పంపించేటప్పుడు ఆ డాక్టరు ఏదో ధైర్యం చెప్పాలని కాబోలు, “ఆయనకి ఇష్టమైనవి వినిపిస్తూ ఉండండి, మంచిది” అన్నాడు. మా అప్ప ఆ మాట పట్టుకుంది.

“ఆయనకి ఇష్టమయినది ఏటుంది, ఆ జీరే కదా. అది సెవిలో పడితే నోరొస్తాదిరా” అంది నాతో. ఆస్పత్రి మెట్ల మీదే అంది. నా చొక్కా చెయ్యి పట్టుకుని మరీ అంది.

“అప్పా, యాంప్ పోనాది కదా. అది మళ్ళీ రాదు.”

“పాడయిన ఫోన్లు నువ్వు మాటాడిస్తన్నావా, నేదా?”

“అది వేరు, ఇది వేరు.”

“నాకు వేరులేవీ తెలీవు. నువ్వు ఎలగోలాగ ఆ సౌండు తే. మిగతాది అమ్మోరు సూసుకుంతాది.”

నోరొస్తుందని నాకు నమ్మకం లేదు. రాదని చెప్పే ధైర్యం అసలే లేదు. సరేనన్నాను. అలా అప్ప ఆశంతా తెచ్చి నా నెత్తిన పెట్టింది. దింపుకోవడానికి చోటు లేదు.

వాల్వు యాంప్ కొనే తాహతు నాకు లేదు, మా వైపు దొరకదు కూడా. తెలిసినవాళ్ళు మోడలింగ్ యాంప్ తీసుకోమన్నారు. అదొక చిన్న కంప్యూటర్ పెట్టె. రకరకాల పాత యాంప్‌ల గొంతులన్నీ దానిలో ఉంటాయి. మా ఆర్కెస్ట్రాలో మిమిక్రీ ఆర్టిస్టు ఒకతను ఉండేవాడు, ఏ గొంతు అడిగితే ఆ గొంతు తీసేవాడు. ఇదీ అలాంటిదే. మిమిక్రీ అతనితో ఉన్న చిక్కే దీనితోనూ ఉంది. అందరి గొంతులూ వస్తాయి గానీ మన ఇంట్లో మనిషి గొంతు అడిగితే దిక్కులు చూస్తుంది.

దాన్ని ఒళ్ళో పెట్టుకుని ప్యాసింజర్ రైల్లో బయల్దేరాను. చీపురుపల్లిలో ఎక్కిన ఒక పెద్దాయన నా పక్కన సర్దుకుని కూర్చుని, “బాబూ, అది అన్నం వేడి సేసుకునే పెట్టేనా?” అని అడిగాడు. కాదు, గిటార్ పెట్టె అన్నాను. “మరి గిటారేదీ?” అన్నాడు. అది మా బావ ఇంట్లో ఉందన్నాను. ఆయన జాలిగా చూసి కిటికీ వైపు తిరిగిపోయాడు.

బావ నులక మంచం మీద గోడకి చేరగిలి ఉన్నాడు. మంచానికి ఎడమ పక్కన స్టూలు వేసి యాంప్ పెట్టాను. ఆయన కళ్ళు దాని మీదే ఉన్నాయి. అప్ప గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. నేను గిటార్ తగిలించి స్విచ్ వేశాను. కంపెనీవాళ్ళు ముందే నింపి పెట్టిన శబ్దాల్లో మొదటిది రంపం కోత. మీటీ మీటగానే పెరట్లో కోళ్ళు చెదిరిపోయాయి. బావ గోడ వైపు తిరిగిపోయాడు. కంగారుగా రెండోదానికి మార్చాను. అది టింగుమంది. మూడోది బావిలోంచి వచ్చినట్టుంది. నాలుగోదానికి పేరే జీరలాంటి పేరు పెట్టారు గానీ అందులో జీర లేదు, దగ్గుంది. ఆ పూటంతా ఇదే వరస. అప్ప మాత్రం ప్రతిదానికీ “అదా? అదేనా?” అని ఆయన మొహంలోకి వంగి చూసేది. ఆయన తల ఊపేవాడు. అది అవునో కాదో దేవుడికే ఎరుక.

నోరున్న రోజుల్లో అయితే ఈ పని ఆయన రెండు ముక్కల్లో తేల్చేసేవాడు. “మిడిల్ పెంచరా, ట్రెబుల్ సగానికి దించు, ఇంక నోరు మూసుకుని వాయించు.” అంతే. ఇప్పుడు ఆ రెండు ముక్కలూ ఆయన లోపల ఉండిపోయాయి. నేను బయట నాబ్‌లు తిప్పుకుంటూ కూర్చున్నాను.

సెలవు దొరికిన వారమల్లా వెళ్ళాను. తల ప్రాణం తోకకొచ్చింది. పొద్దున బాగుందనిపించినది మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి బాగుండేది కాదు. బాగుందనిపించినప్పుడు కూడా అది పెట్టెలో ఉందో నా చేతిలో ఉందో నా భ్రమలో ఉందో తెలిసేది కాదు. ఒకసారి విసుగొచ్చి “దీన్ని రైలు పట్టాల మీద పెట్టేస్తాను” అన్నాను. అప్ప నా కంచంలో ఇంకో చేపముక్క వేసింది. ఆమె తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

కొన్ని సంగతులు మాత్రం మెల్లగా పట్టుబడ్డాయి. బొంగురుగొంతులని పేరు పెట్టిన వాటి జోలికి అసలు పోకూడదు. వాటన్నింటిలో అతి సాదాగా ఉన్న గొంతు తీసుకుని దాన్నే కొంచెం ఇబ్బంది పెట్టాలి. గెయిన్ అనే నాబ్ ఒకటుంది, తీగ శబ్దం లోపలికి ఎంత బలంగా వెళ్ళాలో చెప్పేది అదే. దాన్ని తక్కువలో పెట్టి, మొత్తం వాల్యూమ్ బాగా పెంచాలి. కుర్రాళ్ళందరూ సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు. ట్రెబుల్, అంటే చెవిలో గుచ్చుకునే సన్నటి శబ్దం, దించాలి. మీటనప్పుడు వచ్చే రొదని నొక్కేసే ఏర్పాటు ఒకటి ఆ పెట్టెలో ఉంది. అది రొదతోపాటు స్వరం తోకని కూడా కత్తిరించేస్తోంది. దాన్ని తీసేశాను. గిటార్ మీది వాల్యూమ్ ఒక పిసరు వెనక్కి తిప్పాను. ఇంత చేశాక మెల్లగా మీటితే మామూలుగా పలికింది. గట్టిగా మీటితే బొంగురుపోయింది. అయినా ఎక్కడో తేడా ఉంది.

ఆ తేడా గిటార్ పెట్టె అడుగున దొరికింది. బావ ఎప్పుడూ కొన్న ప్లెక్ట్రమ్ వాడేవాడు కాదు. సబ్బుపెట్టె మూతలోంచి గోరంత ముక్క కత్తిరించుకుని దానితో మీటేవాడు. ఆ ఆకుపచ్చ ముక్క పెట్టె మూలలో గుడ్డ మడతలో ఇరుక్కుని ఉంది. దానితో సంబరం ముక్క వాయించాను. మూడో స్వరం గట్టిగా మీటాను.

వచ్చింది.

నేను ఆపేశాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. బావ గోడ వైపు తిరగలేదు. సూటిగా నా కుడిచేతిని చూస్తున్నాడు. కళ్ళ నిండా నీళ్ళు. అప్ప తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చి ఆయన మొహం చూసి, నా మొహం చూసి, వెనక్కి వెళ్ళి దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చింది. దసరాకి ఆయుధ పూజ నాడు మా ఆర్కెస్ట్రాలో తబలాలకీ, కీబోర్డుకీ, చివరికి మైకు స్టాండ్లకీ వైర్లకీ కూడా బొట్లు పెడతాం. పాత యాంప్‌కి ఏటేటా ఆమే పెట్టేది. ఈసారి ఎక్కడ పెట్టాలో నన్ను అడిగింది. ఒక్కో నాబ్ మీదున్న తెల్లగీత ఎటు చూపిస్తోందో చూపించాను. ఆ గీతకి ఎదురుగా ఒక్కో బొట్టు పెట్టింది. గెయిన్ దగ్గర పెట్టిన బొట్టు ఎడమ వైపు, బాగా కిందకి పడింది.

“ఇంక ఇది ఇలగే ఉండాల. ఎవులూ కదపకూడదు” అంది. కళ్ళకద్దుకుంది.

నాకు ఆ క్షణంలో ఎంత గర్వమనిపించిందో చెప్పలేను. ఆ గర్వం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. అప్ప ముక్కాలిపీట వేసుకుని బావ ఎదురుగా కూర్చుంది. “వాయించరా” అంది. వాయించాను. ఆమె ఆయన పెదాల వైపు చూస్తోంది. మళ్ళీ వాయించమంది. ఆయన పెదాలు కదిలాయి, “ఆ” అన్నట్టు ఏదో వచ్చింది. ఆమె పీట మీద ముందుకి జరిగింది. ఆ ‘ఆ’ రోజూ వచ్చేదే. ఎండ గుమ్మం దాటి వెళ్ళిపోయేదాకా వాయించాను. నా వేళ్ళు మండుతున్నాయి. జీర తప్పకుండా వస్తోంది. మాట రావడం లేదు.

అప్పుడు నాకు భయం వేసింది. ఇన్నాళ్ళూ మాట రాకపోతే, జీర దొరకలేదు కాబట్టి రాలేదు అనుకోవడానికి వీలుండేది. తప్పు నాది, నా పెట్టెది. ఇప్పుడు జీర దొరికింది. ఇంకేం చెప్పను? వెతికినంతకాలం అప్పకి ఆశ ఉండేది, ఆ ఆశని నా చేతులతో నేనే ఖర్చు పెట్టేశాననిపించింది. రైల్లో తిరిగి వస్తూ, అది దొరక్కుండా ఉంటేనే బాగుండేదనుకున్నాను.

అప్ప మాత్రం వదల్లేదు. “ఒక్కపాలికి వస్తాదేటి, ఇనగా ఇనగా వస్తాది” అంది. నేను వెళ్ళినప్పుడల్లా అదే ముక్క వాయించేవాణ్ణి. గిటార్, యాంప్ అక్కడే ఉంచేశాను. బొట్టు దాటి ఎవరూ ఏ నాబూ తిప్పలేదు. అప్ప స్టూలు తుడిచేటప్పుడు కూడా పెట్టె ముందుభాగం మీద గుడ్డ పడనిచ్చేది కాదు.

తిప్పినవాడు బావ.

ఒకరోజు నేను వాయిస్తుండగా ఎడమచెయ్యి చాపి గెయిన్ నాబ్ పట్టుకుని చివరిదాకా తిప్పేశాడు. ఒక్కసారిగా గుయ్యిమని రొద లేచింది. తీగ మీద నా వేలు ఆనితేనే అరిచింది. చెయ్యి తగిలిందేమో అనుకుని బొట్టు దగ్గరికి తెచ్చి పెట్టాను. మళ్ళీ తిప్పేశాడు. మళ్ళీ తెచ్చాను. ఈసారి నా చేతి మీద కొట్టాడు.

“ఏటి బావా, నీ గోల? ఆ కోత నీకు పడదు కదా!” అన్నాను.

ఆయన ఇంకా గట్టిగా స్టూలు మీద చరిచాడు. నోట్లోంచి ‘ఆ, ఆ’ అని వస్తోంది. మెడ నరాలు లేచాయి. అప్ప వచ్చి చూసి, గెయిన్ నాబ్ బొట్టుకి ఎక్కడో దూరంగా ఉండటం చూసి నెత్తి బాదుకుంది.

“బొట్టెట్టినదాన్ని తిప్పేస్తన్నాడేట్రా! జీర అంటే పేనం పెట్టీ మనిసి… బుర్ర కూడా ఎల్లిపోనాదా దేవుడా!”

“లేదప్పా, ఏదో సెప్తన్నాడు.”

“ఏటి సెప్తన్నాడు? నువ్వు సెప్పు, ఏటి సెప్తన్నాడు?”

నాకు తెలియదు. తెలియనందుకు నా మీద నాకు కోపం, ఆ కోపం బావ మీదికి పోయింది. గెయిన్ నాబ్‌ని బొట్టు దగ్గరికి తెచ్చేసి, గిటార్ మంచం మీద పడేసి, స్టూలుని ఆయన చేతికి అందనంత దూరం జరిపేశాను. ఆయన ఎడమచెయ్యి గాలిలో అలాగే చాచి ఉంది. వేళ్ళు ఆడిస్తున్నాడు. నన్ను రమ్మంటున్నాడో పొమ్మంటున్నాడో అర్థం కాలేదు. అది చూడలేక బయటికి వచ్చేశాను.

రైలు టైమవుతోంది. పెరట్లో అప్ప నాకోసం ఎండుచేపలు కాగితంలో చుడుతోంది. ముక్కు చీదుతూ చుడుతోంది. “నువ్వు సెడ్డగా అనుకోకు. ఇంక రాకపోయినా పరవాలేదురా” అంది. ఆ మాట నాకు చెంపదెబ్బకంటే ఎక్కువ తగిలింది. వస్తానని చెప్పబోతుంటే ఇంట్లోంచి రంపం కోత వినిపించింది.

ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. అప్ప చేతిలో కాగితం పొట్లం ఉంది. నా చేతులు ఖాళీగా ఉన్నాయి. ఇంట్లో బావ తప్ప ఎవరూ లేరు.

గుమ్మంలోకి వెళ్ళేసరికి ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు. బాగున్న ఎడమకాలితో స్టూలుని దగ్గరికి లాక్కున్నాడు. గెయిన్ చివరిదాకా తిప్పి ఉంది. గిటార్ ఒళ్ళో ఉంది. పడిపోయిన కుడిచెయ్యి గిటార్ మీద అడ్డంగా, అది కదలకుండా బరువు పెట్టినట్టు పడి ఉంది. ఆ చేతిలో సబ్బుపెట్టె ముక్క లేదు, ఉండి లాభమూ లేదు. ఎడమచేతి వేళ్ళు మాత్రం తీగల మీద పడుతున్నాయి. మీటడం లేదు. వేలిని పైనుంచి సుత్తిలాగ తీగ మీద వేస్తున్నాడు. వేసినప్పుడల్లా యాంప్ కీచుమంటోంది. ఒక స్వరం. ఇంకో స్వరం. మధ్యలో పక్క తీగలు అడ్డదిడ్డంగా మోగుతున్నాయి. మూడోది వేయబోయి వేలు జారింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. అది సంబరం ముక్క.

నాకు అప్పుడు తెలిసింది. రోజూ చేతులతో ముట్టుకునే సంగతే. గెయిన్ తక్కువలో ఉంటే, వట్టి ఎడమచేతి వేలు వేస్తే తీగ ‘టిక్’మని ఊరుకుంటుంది. జీర అంతా కుడిచేతిలో ఉంది. ఎంత గట్టిగా మీటాలి, ఎక్కడ మెత్తగా మీటాలి అన్నదే జీర. ఆయనకి ఆ చెయ్యి లేదు. గెయిన్ పూర్తిగా తిప్పితే మీటక్కర్లేదు, తీగని తాకితే చాలు, పెట్టె అరుస్తుంది. మేము ఇన్నాళ్ళూ ఆయన పాత గొంతుని తెచ్చి ఆయనకి వినిపిస్తున్నాం. ఆయన అడుగుతున్నది వినడానికి కాదు. ఎంత చెడ్డగా ఉన్నా సరే, తన చేత్తో పలికేది ఒకటి కావాలని. నేను ఆ నాబ్‌ని వెనక్కి తెచ్చి బొట్టు దగ్గర పెట్టిన ప్రతిసారీ ఆయన నోరు నొక్కినట్టయింది.

ముక్క ఎలాగో పూర్తి చేసి బావ తలెత్తి నన్ను చూశాడు. ఎలా ఉందని అడిగినట్టు చూశాడు. అది అచ్చంగా, ఆయన చెవులు మూసుకుని స్టేజీ దిగిపోయే శబ్దం.

“బాగున్నాది బావా” అన్నాను.

ఆయన నన్ను ఒక్క క్షణం అలాగే చూశాడు. చిన్నప్పుడు సాధన చేశానని అబద్ధం చెబితే చూసే చూపు అది. తర్వాత మొహంలో కదిలే సగం కదిలింది. నవ్వాడు. చెవి ఎక్కడికీ పోలేదు. ఆ శబ్దం ఎంత దరిద్రంగా ఉందో నాకంటే ఆయనకే బాగా తెలుసు. నేను నవ్వబోయి ఏడ్చేశాను.

అప్ప నా వెనక నిలబడి ఉంది. చేతిలో పొట్లం పక్కన పెట్టి, “ఈ సౌండుకి మాటొస్తాదేట్రా?” అని అడిగింది.

“తెలీదప్పా.”

“నిజం సెప్పు.”

“రాదప్పా. రాదనుకుంటన్నాను.”

నేను ఆ మాట అనగలనని అనుకోలేదు. ఆమె తల ఊపింది. అది అవునో కాదో నాకు తెలియలేదు, ఆ ఇంట్లో అందరి తల ఊపులూ అలాగే అయిపోయాయి. మాట నిజంగానే రాలేదు, ఆ రోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

అప్ప లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చింది. స్టూలు ముందు గొంతుకూర్చుని, కొంగు చివర నోటితో తడిచేసి, గెయిన్ దగ్గరున్న పాత బొట్టుని తుడిచింది. అది పూర్తిగా పోలేదు, అక్కడ ఎర్రటి మరక ఉండిపోయింది. మిగతా నాబ్‌ల దగ్గర బొట్లు అలాగే ఉంచేసింది. వేలి చివర కుంకుమ తీసుకుని తెల్లగీత ఇప్పుడెక్కడ ఉందో చూసి, కుడివైపు కొసాకి, ఇంక తిరగడానికి చోటు లేని దగ్గర, కొత్త బొట్టు పెట్టింది. బావ అటు చూడలేదు. మూడో స్వరం సరిగ్గా పడలేదని, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.